విశాఖ దాకా బేరం, విశాఖ దాటాక దోపిడీ: శ్రీకాకుళం వచ్చే మీ కారు కథ

బెంగళూరు నుంచి శ్రీకాకుళం వరకు, ఇంటి ముందు దింపేలా, 14,000 రూపాయలు. ఇదీ బేరం. కారు సుమారు 1,000 కిలోమీటర్లు వచ్చి విశాఖ శివారులో ఒక గోదాములో ఆగింది. మిగిలింది 110 కిలోమీటర్లు. దానికి అడిగింది ఎంతో తెలుసా? మరో 9,000!

నమస్కారం. పోయిన వారం ఈ సంగతే చెప్పాను, చూడనివారి కోసం రెండు మాటలు. ఆ కారు మా బావది. బెంగళూరులో ఉద్యోగం వదిలి సొంత ఊరికి వచ్చేస్తూ కారును ఒక రవాణా సంస్థకు అప్పగించారు. అది విశాఖలో పదకొండు రోజులు బందీగా ఉంది. అడిగినంతా కట్టాకే కదిలింది.

ఆ వీడియో కింద మీ వ్యాఖ్యలన్నీ చదివాను. సగం మంది రాసిన మాట ఒకటే: 'తప్పు మీ బావదే, తానే నడుపుకుని రావలసింది.' నాకు నిజంగా కోపం వచ్చింది. ఆయనకు వెన్నునొప్పి, గంటసేపు స్టీరింగు ముందు కూర్చోలేరు. అందుకే డబ్బు కట్టారు. డబ్బు కట్టినవారిని నిలదీసి, డబ్బు తీసుకుని మాట తప్పినవారిని వదిలేస్తామా? ఇదేం న్యాయం?

ఇక అసలు విషయానికి వస్తాను. మన జిల్లాకు వచ్చే కారు విషయంలో మోసమంతా ఆ చివరి 110 కిలోమీటర్లలోనే ఉంది. మీది విజయనగరమైతే చివరి 60 కిలోమీటర్లలో. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ఈ వారం నేనే నాలుగు సంస్థలకు ఫోన్ చేశాను. బెంగళూరు నుంచి విశాఖకు ఎంత అని ముందు అడిగాను. గంట ఆగి, శ్రీకాకుళానికి ఎంత అని అడిగాను. నలుగురిలో ముగ్గురు చెప్పింది అదే ధర. ఒక్క రూపాయి తేడా లేదు! 110 కిలోమీటర్లు ఎవరైనా ఊరికే తెస్తారా? డీజిలు, డ్రైవరు జీతం, టోలు ఎవరు పెట్టుకుంటారు? ఆ ఖర్చు ధరలో లేదంటే, తర్వాత మీ దగ్గర వసూలు చేయడానికి పక్కన పెట్టారన్నమాట. నా లెక్క ఇది. కాదనేవారు ఉంటే లెక్క చూపించండి.

నాకు అర్థమైనంతలో ఇది ఇలా జరుగుతుంది. ఫోన్ ఎత్తి తీయగా మాట్లాడే మనిషికి చాలాసార్లు సొంత ట్రైలర్ (ఒకేసారి చాలా కార్లు మోసే పొడవాటి లారీ) ఉండదు. మీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, ఎవరిదో ట్రైలర్‌లో ఒక కారుకు చోటు కొంటాడు, అదీ విశాఖ దాకానే. ట్రైలర్ నిండితే గాని కదలదు, 'రేపు బయలుదేరుతుంది' అన్న మాట వారం సాగేది అందుకే. విశాఖలో కార్లు దించి ట్రైలర్ వెళ్లిపోతుంది. అక్కడి నుంచి మీ కారు ఎవరి బాధ్యతా కాదు. 'అంత పొడవు బండి మీ ఊళ్లోకి రాదండీ' అంటారు. నిజమే, మన ఏడు రోడ్ల కూడలిలో అది తిరగదు. మరి ఆ ముక్క బేరమాడిన రోజు ఎందుకు చెప్పలేదు? అప్పుడు చెబితే బేరం పోతుంది. ఇప్పుడైతే కారు వారి చేతిలో ఉంది.

'చెక్‌పోస్టులో ఆపేశారు, ఈ-వే బిల్లు లేదు' అని బావను బెదిరించారు కూడా. ఈ-వే బిల్లు అంటే సరుకు తరలించేటప్పుడు ఆన్‌లైన్‌లో తీసుకునే జీఎస్టీ పత్రం. వాడిన సొంత సామాను తరలించుకోవడానికి జీఎస్టీ నిబంధనల్లో ఈ-వే బిల్లు అక్కరలేదు. ఇలాంటి ఫోన్ వస్తే వెంటనే డబ్బు పంపకండి.

ఇప్పుడు ఒళ్లు మండే సంగతి. చిన్న బండి మీద ఎక్కించి తెస్తామని 9,000 తీసుకున్నారు కదా. ఆ రోజు బావ ఫోనుకు విశాఖ నుంచి శ్రీకాకుళం వచ్చే దారిలోని నాతవలస టోల్ దగ్గర ఫాస్టాగ్ డబ్బు కట్ అయినట్టు సందేశం వచ్చింది. ఎవరో కారు నడుపుకుని వచ్చేశారు! బెంగళూరులో ఇచ్చేటప్పుడు అక్క మీటరు ఫొటో తీసి పెట్టింది. చూస్తే 163 కిలోమీటర్లు పెరిగింది. దూరం 110 అయితే మిగతా 53 ఎక్కడ తిరిగింది? సమాధానం లేదు. ఎడమ తలుపు మీద మాత్రం కొత్త సొట్ట ఉంది.

సొట్టకు పరిహారం అడిగితే 'ఇన్సూరెన్సు ఉంది కదా' అన్నారు. దాని పేరుతో బిల్లులో డబ్బు తీసుకున్నారు. పాలసీ నంబరు ఏది? బీమా సంస్థ పేరు ఏది? కాగితం మీద ఆ మాట తప్ప ఏమీ లేదు. మీ కారుకు సమగ్ర బీమా ఉంటే, రోడ్డు మీదో రైల్లోనో తరలిస్తుండగా జరిగే నష్టం సాధారణంగా అందులోనే ఉంటుంది. థర్డ్ పార్టీ బీమా ఒక్కటే ఉంటే ఉండదు. ముందు మీ పాలసీ తీసి చదవండి.

చట్టం సంగతి కూడా వినండి. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం, 2011 నిబంధనల ప్రకారం, మీరు విలువ ప్రకటించి ఎక్కువ బాధ్యతకు అదనపు ఛార్జీ కట్టకపోతే, రవాణాదారు బాధ్యత కిరాయికి పది రెట్లు మించదు. కిరాయి 14,000 అంటే 1,40,000. కారు ఆరు లక్షలదైనా అంతే! పైగా నష్టానికి దావా వేయాలంటే బుక్ చేసిన నాటి నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. ఫోన్లో తిట్టుకుంటూ ఆ గడువు పోగొట్టుకోకండి.

అందుకే నా సలహా సూటిగా చెబుతున్నాను. శ్రీకాకుళం అని బుక్ చేయకండి. విశాఖ అని బుక్ చేయండి. లారీ రసీదులో, అంటే కారు తీసుకున్నట్టు రవాణా సంస్థ ఇచ్చే కాగితంలో, చేరవలసిన ఊరు విశాఖ అని రాయించుకుని, బస్సెక్కి వెళ్లి, నాలుగు వైపులా చూసుకుని మీరే తెచ్చుకోండి. నడపలేకపోతే మీకు తెలిసిన డ్రైవరును వెంట తీసుకెళ్లండి. బావ రసీదు ఇప్పుడు నా ముందుంది. శ్రీకాకుళం అన్న మాట ఎక్కడా లేదు. చేరవలసిన ఊరు: విశాఖపట్నం. బేరం నోటితో శ్రీకాకుళానికి, రాత విశాఖకు. ఆ రోజే ఇది చదివి ఉంటే అంతా తెలిసిపోయేది.

ఇంకో బాధ ఉంది. డిక్కీలో అక్క బుడితి ఇత్తడి బిందె పెట్టింది. మన సరవకోట మండలం పనివారు చేసిన బిందె, పెళ్లికి అమ్మ ఇచ్చింది. కారు వచ్చింది, బిందె రాలేదు. సామాన్ల జాబితాలో రాయలేదు కాబట్టి తమకు సంబంధం లేదంటున్నారు. మీరు డిక్కీ ఖాళీ చేసి ఇవ్వండి. ఫాస్టాగ్ ఖాతాలో సందేశాలు మాత్రం మీ నంబరుకే వచ్చేలా చూసుకోండి.

మేం 1915 వినియోగదారుల నంబరుకు ఫిర్యాదు చేశాం. మనం నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చని 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది, బెంగళూరు వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే రుసుము కూడా లేదు. సోమవారం నోటీసు పంపుతున్నాం, ఆ తర్వాత శ్రీకాకుళం వినియోగదారుల కమిషన్‌కే వెళతాం.

మీలో ఎవరి కారైనా ఇలాగే విశాఖలో ఆగి ఉంటే, రసీదు తీసి చేరవలసిన ఊరి గడిలో ఏముందో కింద రాయండి. విజయనగరం వాళ్లూ రాయండి. బిందె దొరికితే వచ్చే వీడియోలో చూపిస్తాను.