పీఎం 2.5 ఎక్స్‌పోజర్ అంటే దేశం గాలి సగటు కాదు బాబోయ్

మళ్ళీ అదే కామెంట్. దేశాల పీఎం 2.5 గ్రాఫ్ చూపించినప్పుడల్లా కింద ఎవరో ఒకరు రాస్తారు, "అన్నా ఆ దేశంలో ముప్పావు వంతు ఖాళీ మైదానమే కదా, అంత నంబర్ ఎలా వచ్చింది, డేటా తప్పు" అని. ఇంకొకరేమో రాజధానిలో నిన్నటి ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, స్క్రీన్‌షాట్ పెట్టి "ఇక్కడ 300 ఉంటే మీరు 40 అంటారేంటి" అని. ఒక్కొక్కరికీ విడిగా రిప్లై ఇచ్చీ ఇచ్చీ విసుగొచ్చింది, ఇవాళ ఒక్క వీడియోలో తేల్చేద్దాం.

పీఎం 2.5 అంటే గాల్లో తేలే, కంటికి కనిపించనంత సన్నటి పొగ, ధూళి కణాలు, ఒంట్లోకి పోతే ఏమవుతుందో మీకు తెలుసు, వదిలేస్తున్నా. ఏక్యూఐ గొడవ మాత్రం ముందే తెంపేస్తా. ఏక్యూఐ అంటే పరీక్ష మార్కుల్లాంటిది, ఒక్కో దేశం ఒక్కోలా వేస్తుంది. 24 గంటల సగటు క్యూబిక్ మీటర్‌కి 35 మైక్రోగ్రాములు ఉందనుకోండి, అమెరికా లెక్కలో అది దాదాపు 100, ఇండియా లెక్కలో 58 దగ్గర. గాలి అదే! అందుకని ఇక్కడి నుంచి ఆ మాటే ఎత్తను, నేను చెప్పేవన్నీ మైక్రోగ్రాములే.

సరే, ఒక రైలు ఊహించుకోండి. పది బోగీలు. తొమ్మిది బోగీల్లో పదేసి మంది కూర్చున్నారు, కాళ్ళు చాపుకుని హాయిగా, అక్కడ గాలి 5. పదో బోగీలో 90 మంది, కిక్కిరిసిపోయి, అక్కడ పొగ 95. ఇప్పుడు "ఈ రైల్లో పొగ ఎంత" అని అడిగితే మీరేం చెప్తారు?

(స్క్రీన్ మీద: రైలు బొమ్మ, పదో బోగీ బూడిద రంగులో)

బోగీల సగటు తీస్తే 14 వస్తుంది. తొమ్మిది ఐదులు 45, దానికి 95 కలిపి పదితో భాగించండి, అంతే. పర్లేదనిపించే నంబర్. కానీ బోగీలు ఊపిరి పీల్చవు కదండీ! టీసీ లాగా ఒక్కో మనిషి దగ్గరికీ వెళ్ళి "నీ ముక్కు దగ్గర ఎంతుంది" అని రాసుకుంటూ పోతే, 90 మంది 5 అంటారు, 90 మంది 95 అంటారు, 180 మందికి సగటు 50. అదే రైలు, ఒక లెక్కలో 14, ఇంకో లెక్కలో 50. దేశాల గ్రాఫుల్లో మీరు చూసే ఎక్స్‌పోజర్ నంబర్ ఈ రెండోది. మ్యాప్‌ని 0.1 డిగ్రీ గళ్ళుగా కోస్తారు, అంటే భూమధ్యరేఖ దగ్గర గడికి దాదాపు 11 కిలోమీటర్లు, గడిలో పొగ ఎంతో గడిలో జనంతో గుణిస్తారు, అన్నీ కలిపి మొత్తం జనాభాతో భాగిస్తారు. ఎడారి గడిలో జనం సున్నా అయితే అక్కడ గాలి ఎంత బాగున్నా, ఎంత చెడ్డా, లెక్కలోకి రాదు.

ఈ రైలు నేను గాల్లోంచి కల్పించింది కాదు, నిజంగానే ఉంది, దాని పేరు మంగోలియా. విస్తీర్ణం 15 లక్షల చదరపు కిలోమీటర్ల పైనే, జనం 35 లక్షల దగ్గర, అందులో దాదాపు సగం ఒక్క ఊళ్ళో, ఉలాన్‌బాతర్‌లో. పదో బోగీ అన్నమాట. కొండల మధ్య లోయలో ఉంటుంది, ప్రపంచంలో అత్యంత చలి రాజధాని, శీతాకాలం రాత్రి మైనస్ 30 కూడా మామూలే. ఊరి అంచుల్లో గెర్ అనే గుండ్రటి గుడారాల్లో ఉండేవాళ్ళు, ఒక్కో గుడారం మధ్యలో ఒక పొయ్యి, పొయ్యి మీంచి పైకప్పు దాటి బయటికొచ్చే గొట్టం, పొయ్యిలో బొగ్గు. ఆరిపోతే లోపల గడ్డకట్టుకుపోతారు, అందుకని రాత్రంతా వేస్తూనే ఉండాలి. పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది, కింద చల్లటి గాలి కదలదు, వేల గొట్టాల పొగ ఆ లోయలోనే తిరుగుతుంటుంది. ఊరు దాటి కొంత దూరం పోతే మైదానం, గుర్రాలు, నీలం ఆకాశం. మన కామెంట్ అన్న చెప్పిన ఖాళీ మైదానం అదే. నిజమే అన్నా, కానీ అక్కడ పీల్చేది ఎవరు?

ఇప్పుడు అసలు మజా, కాలంతో పాటు ఈ నంబర్ ఎలా కదులుతుందో. రైల్లో పొగ ఒక్క చుక్క కూడా పెరగలేదనుకోండి. శుభ్రమైన బోగీల నుంచి 40 మంది లేచి పదో బోగీలోకి వచ్చేశారు. బోగీల సగటు అదే 14. మనుషుల సగటు? 50 నుంచి 70కి పోతుంది. లెక్కేసి చూసుకోండి, ఆగుతా. పొగ పెరగకుండానే ఎక్స్‌పోజర్ పెరిగింది, జనం కదిలారు కాబట్టి. మంగోలియాలో జరిగిందిదే, ఇంకా చెప్పాలంటే అక్కడ వచ్చినవాళ్ళు తమతో ఒక పొయ్యి కూడా తెచ్చుకున్నారు. జుడ్ అంటారు, భయంకరమైన చలికాలం, మేత దొరక్క పశువులు లక్షల్లో చచ్చిపోతాయి, 1999 నుంచి 2002 దాకా వరసగా వచ్చింది, మళ్ళీ 2009-10లో. మంద పోతే కాపరికి ఏం మిగులుతుంది, గెర్ విప్పి బండికెత్తుకుని రాజధాని అంచున మళ్ళీ వేసుకున్నాడు. 2017 జనవరిలో చివరికి ఊళ్ళోకి వలసలే ఆపేశారు. బోగీ తలుపు మూసేసినట్టు. నాకైతే అది పరిష్కారం అనిపించదు, రైల్లో చోటు లేదని ప్లాట్‌ఫాం మీద నిలబెట్టినట్టుంది.

2019 మేలో వేరే దారి పట్టారు, నగరంలో ముడి బొగ్గు కాల్చడం నిషేధించి, శుద్ధి చేసిన బొగ్గు ఇటుకలు ఇచ్చారు. ఆ చలికాలం గాలి బాగా మెరుగైంది. మన బొమ్మలో పదో బోగీ పొగ 95 నుంచి 50కి తగ్గితే, మనుషుల సగటు 70 నుంచి 37 చిల్లరకి పడిపోతుంది, ఎందుకంటే జనమంతా అక్కడే ఉన్నారు. ఎక్కడ జనం ఉంటే అక్కడ తగ్గించు, దేశం నంబర్ దబ్బున పడుతుంది. అయితే కొత్త ఇటుకల వల్ల మొదట్లో కార్బన్ మోనాక్సైడ్ కేసులు వచ్చాయి, మరణాలు కూడా. పీఎం 2.5 గ్రాఫ్‌లో అది కనిపించదు, పొగ తగ్గింది కాబట్టి గీత కిందికే పోతుంది.

అసలు ఇదంతా కొలిచేదెవరు అంటారా. ప్రతి బోగీలో మీటర్ ఉండదు. చాలా దేశాల్లో మీటర్లు రాజధానిలోనే గుంపుగా ఉంటాయి. మిగతాది శాటిలైట్, నాసా టెర్రా 1999 డిసెంబర్‌లో, ఆక్వా 2002లో పైకెళ్ళాయి. కానీ శాటిలైట్ రైలుని అద్దాల పైకప్పులోంచి చూస్తుంది, కప్పు నుంచి నేల దాకా ఉన్న పొగంతా ఒకేసారి కనిపిస్తుంది, మనకి కావాల్సింది ముక్కు ఎత్తులో ఉన్నది. అందుకే వాతావరణ మోడల్‌తో, నేల మీది మీటర్లతో సరిచేస్తారు. పైగా ఆ శాటిలైట్లు ఒకటి పొద్దున పదిన్నర ప్రాంతంలో, ఇంకోటి మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో కొలవడానికే పెట్టినవి, ఉలాన్‌బాతర్ పొయ్యిలు గట్టిగా రగిలేదేమో రాత్రి. నేల మీద మంచు ఉంటే ఇంకా కష్టం, తెల్లటి నేల మీద తెల్లటి పొగ. మన ఉదాహరణ దేశం కొలతకి కూడా కొరకరాని కొయ్యే.

1990 నంబర్ చూపిస్తే "అప్పుడు ఈ శాటిలైట్లు లేవుగా" అని అడగండి, కరెక్ట్ ప్రశ్న, అది ఎక్కువగా మోడల్ లెక్కే. ప్రపంచ బ్యాంక్ సిరీస్ చూడండి, 1990, 1995, 2000, 2005, ఆ తర్వాత 2010 నుంచే ఏడాదికేడాది. మధ్యలో గీత నున్నగా ఉందంటే గాలి నున్నగా ఉందని కాదు, చుక్కలు కలిపారంతే.

టైం అయిపోతోంది, ఎడిటర్ వాచీ చూపిస్తున్నాడు, మిగతావి గబగబా. ఒకటి, సగటు 50 అన్నాం కదా, ఆ రైల్లో 50 పీల్చేవాడు ఒక్కడూ లేడు, సగం మంది 5, సగం మంది 95. అందుకే పక్కనే ఇంకో పట్టిక ఉంటుంది, 35 దాటిన చోట ఎంత శాతం జనం, 25 దాటిన చోట ఎంత అని, నాకు అదే ఇష్టం. ఇంకోటి, డబ్ల్యూహెచ్‌ఓ 2021లో ఏడాది పరిమితిని 10 నుంచి 5కి దించింది, రాత్రికి రాత్రే "పరిమితి దాటిన జనం" పెరిగిపోయారు, గాలి మాత్రం నిన్నటిదే. చైనాలో గాలి శుభ్రం చేసే 2013 ప్లాన్ తర్వాత బీజింగ్ సగటు 89.5 నుంచి 2017కి 58కి వచ్చింది, దేశం మొత్తం మీదా ఎక్స్‌పోజర్ బాగా పడింది, కానీ ఈ పొగ వల్ల మరణాల లెక్క అంతలా పడలేదు, ఎందుకంటే రైల్లో జనం ముసలివాళ్ళయ్యారు, అదే పొగ వాళ్ళకి ఎక్కువ దెబ్బ. ఇంట్లో వంట పొగ ఇందులో లేదు, అది వేరే ఖాతా, 200 కోట్ల మందికి పైగా దానిలోనే ఉన్నారు, దాని మీద విడిగా వీడియో చేస్తా.

ఆఖరిది, ఇదే ఎక్కువ మంది బోల్తా పడేది. దేశాల ఎక్స్‌పోజర్ లెక్క ప్రతి కొత్త ఎడిషన్‌లో, అంటే కొత్తగా విడుదల చేసిన ప్రతిసారీ, 1990 నుంచి మొత్తం మళ్ళీ వేస్తారు, మీటర్లు పెరుగుతాయి, మోడల్ మారుతుంది, పాత సంవత్సరాల నంబర్లు కూడా మారిపోతాయి. పాత ఎడిషన్‌లోంచి 2010 తీసుకుని, కొత్త దాంట్లోంచి 2019 తీసుకుని, పక్కపక్కన పెట్టి "పదేళ్ళలో ఇంత పెరిగింది" అని నాకు గ్రాఫ్ పంపిన అన్నా, మీ కామెంట్ చూశాను. రెండు నంబర్లూ ఒకే ఎడిషన్‌లోంచి తీసి మళ్ళీ పంపండి, అప్పుడు కొట్టుకుందాం.