కేసరియాని: ఏథెన్స్ తూర్పు అంచున ఒక శరణార్థుల పేట

సభకు నమస్కారం. కేసరియాని గురించి చెప్పాలంటే ముందు కొండ సంగతి చెప్పాలి. ఏథెన్స్‌కు తూర్పున ఉత్తర దక్షిణాలుగా సాగే ఇమితోస్ ఎత్తు 1,026 మీటర్లు. దాని పడమటి వాలు నగరం వైపు దిగే చోట, నగర కేంద్రానికి మూడు కిలోమీటర్ల దూరంలో ఉందీ శివారు. పేరు మాత్రం పైన చెట్ల మధ్య ఉన్న, బైజాంటైన్ (తూర్పు రోమన్ సామ్రాజ్య) కాలపు క్రైస్తవ మఠానిది. ఆ మఠం గోడకున్న పాలరాతి పొట్టేలు తల నోట్లోంచి ఊటనీరు పడుతుంది.

ఊరు పుట్టింది 1922 తర్వాత. ఆసియా మైనరులో, అంటే నేటి టర్కీలో, గ్రీకు సైన్యం ఓడిపోయింది. మరుసటి ఏడు స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో గ్రీసు, టర్కీల మధ్య కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందం భాషను కాదు, మతాన్ని లెక్కలోకి తీసుకుంది. మొత్తం పన్నెండు లక్షల మందికి పైగా శరణార్థులు గ్రీసు చేరారు. నగరం అంచున ఖాళీ నేల ఎక్కడ దొరికితే అక్కడ గుడారాలు లేచాయి. తర్వాత చిన్న చిన్న ఇళ్లు, ఒక్కో కుటుంబానికి ఒకటో రెండో గదులు. 1934 నాటికి ఇది సొంత మునిసిపాలిటీ అయింది.

ఊరి అంచునే తుపాకీ సాధన మైదానం ఉండేది. గ్రీసు జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజుల్లో, 1944 ఏప్రిల్ 27న దక్షిణాన లాకోనియాలో గెరిల్లాలు జర్మన్ జనరల్ క్రెఖ్‌ను చంపారు. అందుకు ప్రతీకారంగా మే 1న 200 మంది కమ్యూనిస్టు ఖైదీలను ఇరవయ్యేసి మందిగా నిలబెట్టి ఇక్కడ కాల్చేశారు. వాళ్లలో చాలామంది యుద్ధానికి ముందే, గ్రీకు నియంత మెటాక్సాస్ పాలనలో జైలుపాలైనవారు. వారి ఖైదు శిబిరం ఉన్న హైదారి, ఏథెన్స్‌కు పడమటి వైపు. లారీలు ఏథెన్స్ అంతా దాటుకుని రావాల్సి వచ్చింది. దారిలో ఖైదీలు ఇంటివాళ్లకు చీటీలు రాసి విసిరారు. ఈ ఊరి రాజకీయాలు ఎందుకు వామపక్షం వైపు మొగ్గాయో ఆ తేదీని వదిలేసి చెప్పలేం. 2015లో గ్రీసు ప్రధాని అయిన రోజే వామపక్ష నేత సిప్రాస్ వచ్చి పూలు పెట్టింది ఇక్కడి స్మారకం దగ్గరే.

యుద్ధం తర్వాత శరణార్థుల ఇళ్ల స్థానంలో అపార్ట్‌మెంట్లు వచ్చాయి. పద్ధతి మనకు తెలిసిందే, స్థలం డెవలప్‌మెంట్‌కిచ్చి ఫ్లాట్లు తీసుకోవడం. చిక్కల్లా వాటాలతోనే. బిత్తెడు స్థలానికి అరడజను మంది వారసులుంటే, ఒక్కరు సంతకం పెట్టకపోయినా పని ఆగిపోతుంది.

వెళ్లాలనుకునేవాళ్లు నగర కేంద్రంలో 224 బస్సెక్కండి. చివరి స్టాపులో దిగి మఠానికి ఎక్కుడు దారిలో నడవాలి. మెట్రో నాలుగో లైనులో కేసరియానికి స్టేషన్ పెట్టారు గానీ, ఒప్పందం 2021లో కుదిరిన ఆ లైను పూర్తయ్యేదాకా బస్సే దిక్కు.