గ్యాస్ పట్టించే ముందు ఒకసారి బానెట్ ఎత్తండి

నమస్కారం.

కారులో ఏసీ చల్లగా రావట్లేదు అని ఎవరైనా అన్నారనుకోండి, పక్కనున్నవాళ్ల నోటి నుంచి వచ్చే మొదటి మాట, గ్యాస్ అయిపోయి ఉంటుంది, పట్టించేయండి అని. ఆ మాట విని వెళ్లి గ్యాస్ పట్టించుకొచ్చి, నెల తిరక్కుండానే మళ్లీ అదే ఉక్కలో కూర్చున్నవాళ్లని నేను చాలామందిని చూశాను. ఈరోజు మీతో మాట్లాడాలనుకున్నది అందుకే. ఏసీలో గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయిపోయేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. రబ్బరు గొట్టాల్లోంచి, గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ ఇరుసు దగ్గరి సీల్‌లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం నిజమే. కానీ ఒక్క వేసవిలో ఖాళీ అయిందంటే ఎక్కడో కారుతోంది, లేదంటే అసలు ఖాళీయే కాలేదు, జబ్బు ఇంకోచోట ఉంది.

ఆ ఇంకోచోటు ఏదో కనిపెట్టడానికి చాలాసార్లు పనిముట్లు కూడా అక్కర్లేదు. చెవి, చేయి, ఓ అరగంట ఓపిక చాలు.

ముందు ఇది పనిచేసే తీరు కాస్త చెప్పుకుందాం, అది తెలిస్తే తర్వాతదంతా దానంతట అదే అర్థమవుతుంది. తడి ఒంటికి గాలి తగిలితే చలి వేస్తుంది కదా, ఆ నీరు ఆవిరవుతూ మన ఒంట్లోని వేడిని పట్టుకుపోతుంది. కారు ఏసీ చేసేదీ అదే. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ అనే గ్యాస్ మామూలు గాలి పీడనంలో మైనస్ 26 డిగ్రీల దగ్గరే మరిగిపోతుంది. దాన్ని కంప్రెసర్ గట్టిగా నొక్కి వేడెక్కిస్తుంది. ఆ వేడిని కారు ముందు భాగంలో, రేడియేటర్‌కి ముందున్న కండెన్సర్ బయటి గాలికి వదిలేస్తుంది, అక్కడ గ్యాస్ ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నటి దారిలోంచి దూరి, డ్యాష్‌బోర్డ్ వెనక ఉన్న ఇవాపరేటర్‌లో మరుగుతూ లోపలి గాలిలోని వేడిని లాక్కుంటుంది. అంటే ఏసీ చల్లదనాన్ని తయారుచెయ్యదు, లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది. లోపల గాలి సరిగ్గా ఆడకపోయినా, మోసే కంప్రెసర్ తిరగకపోయినా, బయట పారేసే చోట అడ్డం పడినా ఫలితం మాత్రం ఒకటే, మనకి చెమటలు.

అందుకని మొదట చూసుకోవాల్సింది, మీ కారులో గాలి రావట్లేదా, గాలి వస్తోంది గానీ చల్లగా లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

లోపలికి గాలి కొట్టే ఫ్యాన్, అదే బ్లోయర్, పూర్తిగా పెట్టినా గాలి నీరసంగా వస్తోందంటే గ్యాస్ సంగతి మర్చిపోయి క్యాబిన్ ఫిల్టర్ చూడండి. ఎక్కువ కార్లలో అది గ్లోవ్ బాక్స్ వెనకే ఉంటుంది. రెండు పక్కలా నొక్కితే గ్లోవ్ బాక్స్ కిందికి వాలుతుంది, ఆ వెనక మూత తీస్తే ఫిల్టర్ చేతికొస్తుంది. కొన్న దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా తీయని ఫిల్టర్ ఎలా ఉంటుందో చూస్తే, ఇంతకాలం ఆ గాలా పీల్చింది అనిపిస్తుంది. ఎండుటాకులు, దుమ్ము, పురుగులు, అన్నీ ఉంటాయి. కొత్తది పెట్టేటప్పుడు దాని మీద బాణం గుర్తు ఉంటుంది, గాలి వెళ్లే దిక్కుకి దాన్ని సరిపెట్టండి. బ్లోయర్ ఒకటి, రెండు, మూడు మీద తిరక్కుండా చివరి స్పీడు మీద మాత్రమే తిరుగుతోందంటే, పాతరకం నాబ్ ఉన్న కార్లలో అది బ్లోయర్ రెసిస్టర్ పోవడమే, చిన్న భాగం. ఇంకొకటి ఉంది. బయల్దేరిన గంట వరకూ బాగా చల్లగా వచ్చి, తర్వాత గాలే తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ మామూలుగా వస్తోందంటే, ఇవాపరేటర్ మీద మంచు గడ్డకట్టి గాలికి దారి లేకుండా చేస్తోందన్నమాట. ఫిల్టర్ మూసుకుపోయినా ఇలా జరుగుతుంది, చల్లదనాన్ని కొలిచే సెన్సర్ పాడైనా జరుగుతుంది.

గాలి బాగానే వస్తోంది, చల్లగా లేదు అంటారా, అప్పుడు ముందు కొలవండి. మన ఒంటిని నమ్మితే లాభం లేదు, ఎండలోంచి వచ్చి కూర్చున్నవాళ్లకి ఏ గాలైనా చాలదు. మధ్య వెంట్‌లో చిన్న థర్మామీటర్ పెట్టండి. జ్వరం చూసుకునేది పనికిరాదు, అది 35 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. అద్దాలు మూసి, లోపలి గాలే తిరిగే రీసర్క్యులేషన్ బటన్ నొక్కి, ఏసీ పూర్తిగా పెట్టి, ఇంజిన్‌ని 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి పది నిమిషాలు చూడండి. వాతావరణం ఓ మోస్తరుగా ఉన్న రోజు 5 నుంచి 10 డిగ్రీల మధ్య చూపిస్తే మీ ఏసీకి ఏ రోగమూ లేదు. మండుటెండలో, గాలిలో తేమ బాగా ఉన్న రోజున ఇంకాస్త ఎక్కువ చూపించినా కంగారు పడొద్దు. అన్నట్టు, చాలామంది ఆ రీసర్క్యులేషన్ బటన్ నొక్కరు. బయటి వేడి గాలిని నిమిషం నిమిషం కొత్తగా లోపలికి తెచ్చుకుంటూ చల్లబడట్లేదంటే ఏసీ మాత్రం ఏం చేస్తుంది చెప్పండి.

ఇప్పుడు బానెట్ ఎత్తుదాం. దానికి ముందు జాగ్రత్త. ఇంజిన్ ఆన్‌లో పెట్టి చేసే పని ఏదైనా ఆరుబయటే చెయ్యండి, మూసిన షెడ్డులో వద్దు. పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ వాసనా ఉండవు, మనిషిని చంపేస్తుంది. వదులు బట్టలు, విరబోసుకున్న జుట్టు, మెడలో వేలాడే గొలుసు, ఇవేవీ ఇంజిన్ మీద తిరిగే బెల్టు దగ్గరికి రాకూడదు. ముందున్న కరెంటు ఫ్యాన్ ఏ క్షణంలో అయినా దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది, అందులో వేలు పెట్టకండి. మీది హైబ్రిడ్ కారో ఎలక్ట్రిక్ కారో అయితే నారింజ రంగు వైర్ల జోలికి అస్సలు పోవద్దు, అవి ప్రాణం తీసేంత కరెంటు మోసేవి.

ఇంట్లో ఒకరిని లోపల కూర్చోబెట్టి ఏసీ బటన్ నొక్కమనండి, మీరు కంప్రెసర్ వైపు చూడండి. క్లచ్ ఉన్న కంప్రెసర్ అయితే టక్ మని చప్పుడు వస్తుంది, పుల్లీ, అంటే బెల్టు తిప్పే చక్రం, దాని మధ్యలో ఉన్న బిళ్ల పుల్లీతో కలిసి తిరగడం మొదలెడుతుంది. చప్పుడు రాలేదు, బిళ్ల తిరగలేదు అంటే ముందు ఫ్యూజ్ చూడండి, తర్వాత రిలే, అంటే కంప్రెసర్‌కి కరెంటు కలిపే చిన్న స్విచ్. రిలేకి ఒక సులువు ఉంది. ఫ్యూజులుండే ఆ డబ్బాలోనే హారన్‌కో ఇంకోదానికో అదే నంబరున్న రిలే తరచుగా ఉంటుంది, రెండిటినీ అటూ ఇటూ మార్చి చూడండి. ఏసీ పనిచేసి హారన్ మూగబోయిందంటే దొంగ దొరికినట్టే. కొన్ని కొత్త కార్లలో కంప్రెసర్‌కి క్లచ్ ఉండదు, పుల్లీ ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది, వాటిలో ఈ చప్పుడు కోసం వెతక్కండి. ఇంజిన్ బాగా వేడెక్కినప్పుడు చాలా కార్లు వాటంతట అవే ఏసీని ఆపేస్తాయి, అందుకని టెంపరేచర్ ముల్లు మీద కూడా ఓ కన్నేసి ఉంచండి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కంప్రెసర్ పట్టుకోకపోతే ప్రెషర్ స్విచ్ వైర్లు రెండూ కలిపేయండి, అదే తిరుగుతుంది అని సలహా ఇచ్చేవాళ్లుంటారు. చెయ్యకండి. గ్యాస్ మరీ తగ్గితే ఆ స్విచ్ కంప్రెసర్‌ని ఆపేది దాన్ని కాపాడటానికే. కంప్రెసర్‌కి కావలసిన ఆయిల్ గ్యాస్‌తో పాటే తిరుగుతుంది, గ్యాస్ లేకపోతే ఆయిలూ అందదు. బలవంతంగా తిప్పితే లోపల లోహం అరిగి, ఆ పొడి గొట్టాల్లోకి, కండెన్సర్‌లోకి పోతుంది. చిన్న లీకుతో పోయేది మొత్తం ఏసీ మార్చేదాకా వస్తుంది.

క్లచ్ పట్టుకున్నట్టే పట్టుకుని, కొన్ని క్షణాల్లో వదిలేసి, మళ్లీ పట్టుకుని, ఇలా టకటకా కొట్టుకుంటోందనుకోండి, అది చాలావరకు గ్యాస్ తగ్గిన లక్షణమే. అప్పుడు గొట్టాల జాయింట్ల దగ్గర, కండెన్సర్ ముఖం మీద, కంప్రెసర్ చుట్టూ టార్చి వేసి చూడండి. గ్యాస్ కారే చోట ఆయిల్ కూడా చెమ్మలా బయటికొస్తుంది, దాని మీద దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మరక అవుతుంది. ఆ మరక మీ మెకానిక్‌కి చూపించండి, ఆయన పని సగం తగ్గుతుంది.

ఇక ఫ్యాన్. ఈ సంగతి నా కారులోనే జరిగింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. రోడ్డు మీద వేగంగా పోతుంటే ఏసీ హాయిగా ఉండేది. సిగ్నల్ దగ్గర ఆగగానే రెండు నిమిషాల్లో వేడిగాలి. ఒకే వేసవిలో రెండుసార్లు గ్యాస్ పట్టించాను, రెండోసారి తర్వాత ఇంకా ఘోరంగా తయారైంది. చివరికి ఒక సాయంత్రం ఇంటి ముందే బానెట్ ఎత్తి, ఏసీ పెట్టి నిలబడి చూస్తే కండెన్సర్ ఫ్యాన్ కదలనే లేదు. దాని కనెక్టర్‌లో ఒక పిన్ను తుప్పు పట్టి కాలిపోయింది. అంతే. కారు పరుగెత్తుతుంటే ఎదురుగాలే కండెన్సర్‌ని చల్లబరిచేది, ఆగగానే వేడి పోయే దారి ఉండేది కాదు. పైగా నేను ఎక్కించిన అదనపు గ్యాస్ కండెన్సర్‌లో నిండి పీడనం పెంచి, ఉన్న కూలింగ్‌ని కూడా తినేసింది. అందుకే అడుగుతున్నాను, మీ ఏసీ ఎప్పుడు చల్లగా ఉంటోంది, ఎప్పుడు ఉండట్లేదు అనేది రెండు రోజులు గమనించండి. ఆ ఒక్క గమనిక ఏ మీటరూ చెప్పనిది చెబుతుంది.

ఫ్యాన్ తిరుగుతున్నా అనుమానంగా ఉంటే, ఏసీ నడుస్తుండగా ముందు నుంచి కండెన్సర్ మీద నీళ్లు సన్నగా పోయండి. ఒకటి రెండు నిమిషాల్లో లోపల గాలి బాగా చల్లబడిందంటే మీ జబ్బు వేడి బయటికి పోకపోవడమే. కండెన్సర్ రెక్కల మధ్య మట్టి, పురుగులు పేరుకుపోయి ఉండొచ్చు. మామూలు పైపు నీళ్లతో కడిగితే చాలు, బండ్లు కడిగే ప్రెషర్ పంపు దగ్గరగా పెట్టి కొడితే ఆ పలచటి రెక్కలు వంగిపోతాయి.

ఒక వైపు చల్లగా, ఇంకో వైపు వేడిగా వస్తుంటే డ్యాష్‌బోర్డ్ లోపల వేడిగాలినీ చల్లగాలినీ కలిపే చిన్న తలుపు ఇరుక్కుని ఉండవచ్చు. అయితే కొన్ని కార్లలో గ్యాస్ తగ్గినా ఇలాగే ఉంటుంది. ముక్కిపోయిన వాసన ఇవాపరేటర్ మీది బూజు వల్ల. దిగడానికి ఐదు నిమిషాల ముందు ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచితే అది ఆరుతుంది. తియ్యటి వాసన వస్తే మాత్రం అది ఏసీ కాదు, హీటర్‌లోంచి కూలెంట్ కారుతోంది, ఆలస్యం చెయ్యకండి. ముందు సీట్ల కాళ్ల దగ్గర నీళ్లు చేరుతుంటే, ఇవాపరేటర్ మీద చేరే నీటిని బయటికి పంపే డ్రెయిన్ పైపు మూసుకుపోయి ఉంటుంది.

ఇంట్లోనే గ్యాస్ డబ్బా తెచ్చి ఎక్కించుకోవచ్చా అని అడిగేవాళ్లున్నారు. వద్దంటాను. డబ్బాతో పాటు వచ్చే చిన్న గేజ్ చూసి ఎంత గ్యాస్ ఉందో చెప్పలేం. కారు కొన్ని గంటలు ఆగి ఉన్నప్పుడు, బయట 30 డిగ్రీలుంటే, ఆర్-134ఏ ఉన్న సిస్టమ్‌లో గేజ్ పీడనం సుమారు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల 200 గ్రాములున్నా అంతే, 500 గ్రాములున్నా అంతే, కొంచెం ద్రవం మిగిలి ఉన్నంతవరకూ ఆ అంకె మారదు. అది బాగా తక్కువ చూపిస్తే ఖాళీ అని తెలుస్తుంది, సరిగ్గా చూపిస్తే నిండుగా ఉందని కాదు. చిన్న కార్లలో మొత్తం గ్యాసే అర కిలో చుట్టుపక్కల ఉంటుంది, అందులో వంద గ్రాములు అటూ ఇటూ అయితే తేడా తెలిసిపోతుంది. ఆ గ్యాస్ చర్మం మీదో కంట్లోనో పడితే గడ్డకట్టించేస్తుంది కూడా. గాల్లోకి వదిలితే అది భూమిని వేడెక్కించడంలో బొగ్గుపులుసు వాయువు కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. కొత్త కార్లలో వస్తున్న ఆర్-1234వైఎఫ్‌కి ఆ దోషం చాలా తక్కువ, కానీ అది కొద్దిగా మండే గుణం ఉన్నది, రెండిటినీ కలపకూడదు. లీకు మూసేస్తుందని చెప్పే ద్రవాలు కూడా పొయ్యకండి, అవి తర్వాత వర్క్‌షాప్ మెషిన్లని పాడుచేస్తాయి, కొందరు అలాంటి కారుని ముట్టుకోరు కూడా.

ఇవన్నీ చూశాక కూడా గ్యాస్ మీదే అనుమానం నిలిస్తే, అప్పుడు వర్క్‌షాప్‌కి వెళ్లండి. వెళ్లే ముందు బానెట్ కింద అంటించిన స్టిక్కర్ ఫోటో తీసుకోండి, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీద ఉంటుంది. పైపైన కొంచెం ఎక్కించడం వద్దు, ఉన్నదంతా మెషిన్‌లోకి లాగి తూకం వెయ్యమనండి. తర్వాత కనీసం అరగంట వాక్యూమ్ పెట్టి, అంటే గొట్టాల్లోని గాలంతా లాగేసి, లోపలి తేమ తీసి, ఆ వాక్యూమ్ నిలుస్తుందో లేదో చూసి, స్టిక్కర్ మీదున్న గ్రాములే ఎక్కించమనండి. మెషిన్ లాగింది ఎంతో మీరే దగ్గర నిలబడి చూడండి. స్టిక్కర్ మీద 450 ఉంటే, మెషిన్ 430 చూపించిందనుకోండి, మీ కారులో గ్యాస్ ఉంది, తప్పు ఇంకెక్కడో ఉంది. కొత్త గ్యాస్ ఎక్కించడానికి ఒప్పుకునే ముందు, ఆ ఫ్యాన్ తిరుగుతోందా లేదా చూపించమని అడగండి.