కార్డ్‌లెస్ మైకు సరిహద్దు దాటితే: శ్రోతల ఫోన్లు, ఇంజనీరు గారి జవాబులు

యాంకర్: శ్రోతలకు నమస్కారం. పరదేశం వెళ్లే కళాకారులకీ, అక్కడి నుంచి మనూరు వచ్చేవాళ్లకీ కార్డ్‌లెస్ మైకులతో వచ్చే ఇబ్బందులు ఈ రోజు మాట్లాడుకుందాం. వైర్‌లెస్ లైసెన్సుల పని బాగా తెలిసిన ఇంజనీరు గారు స్టూడియోలో ఉన్నారు. ఆమదాలవలస నుంచి ఫోన్. చెప్పండి బాబూ.

కాలర్: నమస్కారం మేడమ్. మాది తప్పెటగుళ్ల బృందం. ఉగాదికి రమ్మని లండన్‌లో ఉన్న మనవాళ్లు పిలిచారు. మా కార్డ్‌లెస్ మైకులు పట్టుకెళ్దామంటే, అక్కడ లైసెన్సు కావాలంటున్నారు. మైకుకి లైసెన్సేటి సార్?

ఇంజనీరు: మీ చేతిలో ఉన్నది చిన్న రేడియో స్టేషనే బాబూ. బ్యాటరీ మూత తీసి చూడండి, మెగాహెర్ట్జ్ అని ఒక అంకె ఉంటుంది. అదే దాని ఫ్రీక్వెన్సీ.

కాలర్: ఉండండి... రెండిటి మీద 740, రెండిటి మీద 640 ఉంది సార్.

ఇంజనీరు: 740వి ఇంట్లో ఉంచేయండి. బ్రిటన్‌లో ఆ అంకె ఉన్న ఫ్రీక్వెన్సీల వరసని, అంటే 700 బ్యాండుని, మొబైల్ ఫోన్లకి ఇచ్చేశారు. 2020 మే 1 నుంచి అక్కడ దాని మీద మైకు వాడకూడదు. మన దగ్గరా ఆ 700 బ్యాండులో కొంత 2022 వేలంలో ఒక ఫోన్ కంపెనీ కొనుక్కుంది, కాబట్టి ఇక్కడా వాటి జోలికి పోకండి. ఇక 640 కావాలంటే ఫలానా హాలు, ఫలానా రోజు అని ఆఫ్‌కామ్‌కి విడిగా దరఖాస్తు పెట్టాలి. బ్రిటన్‌లో ఫ్రీక్వెన్సీలు పంచేది ఆ సంస్థే. ఆ ఊళ్లో అదే అంకె మీద టీవీ వస్తోందనుకోండి, వేరే అంకె ఇస్తారు. మీ మైకు దాని మీదికి మారకపోతే అంతే సంగతులు.

కాలర్: ఇంకో దారి లేదా సార్?

ఇంజనీరు: ఉంది. 606.5 నుంచి 613.5 దాకా ఛానల్ 38 అంటారు. ఒక్క లైసెన్సుతో బ్రిటన్ అంతా వాడుకోవచ్చు. చాలాకాలంగా దాని ఫీజు ఏడాదికి 75 పౌండ్లు. కాకపోతే అది అందరూ పంచుకునేది. పక్క హాలువాళ్లు అడ్డొస్తే దెబ్బలాడ్డానికి లేదు. లైసెన్సే అక్కర్లేనిది 863 నుంచి 865 దాకా.

కాలర్: మన దగ్గర కూడా 865 ఫ్రీయేనని షాపాయన చెప్పాడు.

ఇంజనీరు: మనకి ఫ్రీ 865 నుంచి 868 వరకు. గట్టు ఒకటే గానీ పొలాలు వేరు. అందుకే నా మాట వింటే మైకులు మోసుకెళ్లకండి. పిలిచినవాళ్లనే అక్కడ అద్దెకి తీసుకోమనండి, లైసెన్సు ఎవరి పేరు మీద ఉందో కాగితం మీద రాయించుకోండి. ఇంకోటి, చొక్కా కాలర్‌కి తగిలించే మైకు మాత్రం వద్దు. తప్పెట గుండెల మీదే ఉంటుంది కదా, దెబ్బ తప్ప పాట వినపడదు. తలకి పెట్టుకునే మైకు అడగండి.

కాలర్: ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కుతాం సార్. మైకు సిగ్నల్ పంపే డబ్బా నడుముకి కడితే కాలు తగిలి ఊడిపోతుంది.

ఇంజనీరు: పైకెక్కేవాళ్లకి పెట్టొద్దు. పాట ఎత్తుకునే గురువుగారికి ఒకటి, వంతకి ఒకటి చాలు. గజ్జెలకీ తప్పెటలకీ స్టేజీ అంచున వైరు మైకులు పెట్టించండి. డబ్బాకి ప్లాస్టిక్ కవరు తొడగండి, లేకపోతే చెమట లోపలికి దిగుతుంది.

కాలర్: వచ్చే ఏడు అమెరికా కూడా అంటున్నారు.

ఇంజనీరు: అక్కడికి 640 కూడా పనికిరాదు. 2020 జూలై 13తో ఆపేశారు. 470 నుంచి 608 మధ్య టీవీ లేని చోట, మైకు పవరు 50 మిల్లీవాట్ల లోపయితే లైసెన్సు అడగరు. కానీ మైకుకి ఆ దేశపు ధ్రువీకరణ ఉండాలి.

యాంకర్: విజయనగరం నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మాదొక చిన్న సంగీత సభ. బ్రిటన్ నుంచి ముగ్గురు వాయిద్యకారులు వస్తున్నారు. ఇందాక మీరన్న ఛానల్ 38 మైకులే వాళ్లవి. లైసెన్సు ఉంది కదా, సరిపోతుందనుకున్నాం.

ఇంజనీరు: సరిపోదమ్మా. ఆ కాగితం అక్కడికే. ఇక్కడ ఆ ఫ్రీక్వెన్సీలకి కేంద్ర టెలికాం శాఖలో ఫ్రీక్వెన్సీలు చూసే డబ్ల్యూపీసీ విభాగం అనుమతి కావాలి. దరఖాస్తులు ఆ శాఖ వెబ్‌సైటు సరళ్ సంచార్ పోర్టల్లో పెడతారు. మైకు కంపెనీ, మోడల్, ఎన్ని మిల్లీవాట్లు, ఏ అంకెలు, ఏ హాలు, ఏ తేదీలు, ఇవన్నీ వాళ్ల దగ్గర ఇప్పుడే తెప్పించుకోండి. టికెట్లు బుక్ చేశాక మొదలుపెడితే టెన్షనే.

కాలర్: అంకెలు 607, 607.4, 607.8 అని పంపారండీ.

ఇంజనీరు: సమానంగా ఎడం పెట్టారన్నమాట. దాంతోనే చిక్కు. మొదటి రెండూ దగ్గర దగ్గరగా ఆన్‌లో ఉంటే వాటి కలయికలోంచి 607.8 మీద దొంగ సిగ్నల్ పుడుతుంది. మూడో మైకు గరగరమంటుంది. మూడోది 608.1 చేయమనండి, అప్పుడు అనుమతి అడగండి.

కాలర్: ఈలోగా అనుమతి రాకపోతే?

ఇంజనీరు: 2.4 గిగాహెర్ట్జ్ మైకులకి ఫ్రీక్వెన్సీ లైసెన్సు అక్కర్లేదు, 2005 నుంచీ అంతే. పరికరానికి మాత్రం ఈటీఏ, అంటే ఆ మోడల్‌కి ప్రభుత్వం ఇచ్చే ఆమోదం ఉండాలి. ఇబ్బందల్లా జనం ఫోన్లలో వైఫై కూడా అక్కడే తిరుగుతుంది. హాలు నిండాక సిగ్నల్ తెగొచ్చు. కూర్చుని వాయించేవాళ్లకి నేనయితే వైరే పెడతాను.

కాలర్: ఒకాయన వయొలిన్ వాయిస్తూ జనంలోకి దిగుతాడటండీ!

ఇంజనీరు: ఆయనొక్కడికీ 2.4 ఇవ్వండి, రిసీవర్ ఏరియల్ స్టేజీ వెనక కాకుండా ముందు వరస పక్కన, తలలకంటే ఎత్తులో పెట్టించండి. మిగతా ఇద్దరికీ వైరు.