తొమ్మిది రింగుల చైనా పజిల్: కొనొచ్చా?

నమస్తే అండీ. ముందు ఈ గలగల వినండి. ఇది చైనా వాళ్ల తొమ్మిది రింగుల పజిల్. అక్కడ దీన్ని జ్యూ ల్యెన్ హువాన్ అంటారు. ఆన్‌లైన్‌లో ‘చైనీస్ రింగ్స్’ అని వెతికితే దొరుకుతుంది.

దగ్గరగా చూపిస్తాను. ఇదొక పొడుగాటి కడ్డీ, మధ్యలో సందు, చివర పిడి. దీని మీద తొమ్మిది రింగులు. ఒక్కో రింగుకీ ఒక తీగ ఉంది చూడండి. అది పక్క రింగులోంచి దూరి, కడ్డీ సందులోంచి దిగి, కింద ఈ పలకకి తగులుకుంది. మన పని కడ్డీని మొత్తంగా బయటికి లాగడం.

రింగుల్ని పిడికి ఎదురుగా ఉన్న కొస నుంచి లెక్కపెడదాం. మొదటి రింగు ఎప్పుడైనా దిగుతుంది, ఎప్పుడైనా ఎక్కుతుంది. మిగతావాటిలో ఏది కదలాలన్నా దానికి సరిగ్గా ముందున్న రింగు కడ్డీ మీద ఉండాలి, అంతకు ముందువన్నీ దిగిపోయి ఉండాలి. అందుకే కష్టపడి తీసిన రింగునే మళ్లీ ఎక్కించాల్సి వస్తుంది. కొత్తవాళ్లు చేతులెత్తేసేది ఇక్కడే.

ఒక రింగుని ఎక్కించడమో దించడమో ఒక స్టెప్పు అనుకుంటే, మొత్తం 341 స్టెప్పులు. తొమ్మిదో రింగు 86వ స్టెప్పులోనే దిగిపోతుంది. అప్పుడు కడ్డీ మీద మిగిలేది ఎనిమిదోది ఒక్కటే. పక్కన కూర్చున్నవాళ్లు “అయిపోయిందిగా!” అంటారు. ఎక్కడ, ఇంకా 255 స్టెప్పులు ఉన్నాయి! ఎనిమిదోది కాకుండా తొమ్మిదోది ఒక్కటే మిగిలి ఉంటే ఏకంగా 511. తొమ్మిదీ ఎక్కి ఉన్నప్పటికంటే ఎక్కువన్నమాట. ఎంత పని మిగిలిందో కంటికి అస్సలు తెలియదు. నేను ఈ బొమ్మకి పడిపోయింది ఇందుకే.

ఇక చరిత్ర. అమ్మేవాళ్లు ‘రెండు వేల ఏళ్ల నాటిది’ అని రాస్తుంటారు. సేనాని జూగె లియాంగ్ యుద్ధానికి వెళ్తూ భార్యకి కాలక్షేపం కోసం చేశాడనే కథ కూడా ఉంది. కథ బాగుంది, ఆధారమే లేదు. ‘జాన్‌గువో త్సె’ అనే ప్రాచీన గ్రంథంలో ఇంకో ముచ్చట ఉంది. చిన్ రాజ్యం రాజు జేడ్ రాతి గొలుసు రింగులు పంపి, విప్పగలరేమో చూడమన్నాడట. చీ రాజ్యం రాణి సుత్తి తెప్పించి ఒక్కటి వేసి, “విప్పేశాం” అని కబురు పంపింది. ఆవిడకి నా ఓటు! కానీ ఆ రింగులూ ఈ పజిలూ ఒకటే అని చెప్పలేం.

గట్టి ఆధారాలు ఆ తర్వాతివి. 18వ శతాబ్దపు చైనా నవల ‘హొంగ్ లౌ మెంగ్’ ఏడో అధ్యాయంలో నాయకుడు బావ్‌యూ గదిలో నాయిక దాయ్‌యూ, మిగతావాళ్లూ కూర్చుని దీన్నే విప్పుతుంటారు. విచిత్రం ఏంటంటే, అంతకు చాలా ముందే ఇటలీలో గణిత పండితుడు లూకా పచోలీ 1500 ప్రాంతపు రాతప్రతిలో దీని గురించి రాశాడు. 1550లో అక్కడి మరో గణిత పండితుడు కార్డానో కూడా రాశాడు.

ఇంజినీరింగ్ చదివినవాళ్లకి ఒక మాట. ఎక్కిన రింగుని 1, దిగిన రింగుని 0 అనుకుని ఒక్కో స్టెప్పూ రాస్తూ పోండి. అది గ్రే కోడ్, అంటే ఒక్కో అడుగుకీ ఒక్క అంకె మాత్రమే మారే 0, 1ల వరస. అమెరికా పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన ఫ్రాంక్ గ్రేకి దాని మీద పేటెంట్ వచ్చింది 1953లో. ఈ పజిల్‌కి బైనరీ లెక్క ఉందని ఫ్రాన్స్‌లో లూయీ గ్రో 1872లోనే చూపించాడు.

ఒక ఫిర్యాదు కూడా ఉంది. మెదడుకి పదును అని అమ్ముతారు గానీ, రూల్ పట్టుబడ్డాక ఇందులో ఆలోచించడానికేం లేదు. మధ్యలో ఎక్కడైనా సరే రెండే రింగులు కదులుతాయి, వాటిలో ఒకటి ఇప్పుడే కదిపింది. రెండోది కదపడమే. జపమాల తిప్పినట్టు చేతులే చేసుకుపోతాయి. నాకు అదే నచ్చింది, మీకు బోర్ కొట్టొచ్చు. ఒక్కటే టెన్షన్: మధ్యలో ఫోన్ మోగి, చివరగా ఏది కదిపామో మర్చిపోతే తెలియకుండానే వెనక్కి వెళ్లిపోతాం.

కొనేటప్పుడు రింగుల అతుకులు వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే ప్రతి స్టెప్పులోనూ పట్టేస్తుంది. కడ్డీ మరీ సన్నగా ఉంటే వంగుతుంది. చిన్నపిల్లలకైతే ఐదు రింగులది తీసుకోండి, 21 స్టెప్పుల్లో అయిపోతుంది. పెద్దవాళ్లు మాత్రం తొమ్మిదిదే కొనండి, ఐదుతో ఆ 255 షాక్ తగలదు. విప్పేశాక పెట్టెలో అలాగే పడేయకండి, మళ్లీ ఎక్కించడానికీ 341 స్టెప్పులే, వరస మాత్రం వెనక నుంచి.