ఆ నాలుగు సెకన్ల మౌనం ఎక్కడిది?

క్రైమ్ డాక్యుమెంటరీల్లో కెమెరా, కత్తెర, చప్పుడు ఏ పని చేస్తాయన్న దాని మీద హనుమకొండ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షర రూపం ఇది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని ఒక ఊళ్లో జరిగిన వృద్ధురాలి హత్య మీద వచ్చిన 40 నిమిషాల వెబ్ డాక్యుమెంటరీ ఈ చర్చకు కారణం. కేసు ఇంకా కోర్టులో ఉంది కాబట్టి ఊరి పేరు, మనుషుల పేర్లు ఎత్తొద్దని ముందే అనుకున్నాం. ఒకరి మాటకు ఒకరు అడ్డుపడ్డ చోట్లను కూడా ఉన్నదున్నట్టే ఉంచాం.

వ్యాఖ్యాత: నమస్కారం. ఇవాళ మనతో నలుగురున్నారు. అందరికీ సమానంగా టైమ్ ఇస్తాను, ఇది నా మాట. డాక్యుమెంటరీ తీసిన తమ్ముడితోనే మొదలుపెడదాం. హతురాలి మేనల్లుడి ఫొటో తెర మీదికి రాగానే డప్పు మొదలవుతుంది. మామూలు డప్పు కాదు, చావు డప్పు. ఆ దెబ్బ పడగానే నేను అతన్నే అనుమానించాను. అది న్యాయమేనా?

దర్శకుడు: నమస్తే అన్నా. డప్పు ఎందుకు పెట్టినమంటే, ఆ ఊర్లె ఆ రోజు నిజంగనే—

న్యాయవాది: డప్పు తర్వాత మాట్లాడుకుందాం. ముందు చొక్కా ముచ్చట చెప్పు తమ్మీ. వెనుక దర్వాజ నుంచి ఒక మనిషి లోపటికి పోతడు. ముఖం కనపడదు, వీపు కనపడుతది. మెరూన్ చొక్కా. చార్జిషీట్‌ల ఏ సాక్షన్నా మెరూన్ చొక్కా అన్నడా?

దర్శకుడు: అనలేదు సార్. అది రీక్రియేషన్, అంటే మళ్లా నటింపజేసి తీసింది అని కింద రాసినం—

న్యాయవాది: ఎంతసేపు రాసినవ్? మూడు సెకన్లు! మా అమ్మ చదువుతదా దాన్ని? ఈ కేసు నాది కాదు, ఎవ్వరి వకాల్తా నా దగ్గర లేదు, ముందే చెప్తున్న. కానీ 26 ఏండ్ల సంది అదాలత్ కాడ క్రిమినల్ కేసులే చూస్తున్న. ఆ మేనల్లుడు పిల్లగాడు ఎవరిదో లగ్గంల మెరూన్ చొక్కా వేసుకున్న ఫొటో ఊరందరి ఫోన్లల్ల ఉన్నది. నీ వీడియో వచ్చిన తెల్లారి ఊరంతా "చూసినవా, వాడే" అన్నది. వాళ్లమ్మ కిరాణం దుకాణానికి పోతే సామాను కూడా ఇయ్యలేదట.

దర్శకుడు: కావాలని పెట్టలేదు సార్. ఆ రోజు మా దోస్తు వేసుకొచ్చిన చొక్కా అది. ముఖం చూపెట్టొద్దన్నదే మా ఆలోచన.

ఎడిటర్: అక్కడే ఒక మాట. కావాలని పెట్టకపోయినా—

వ్యాఖ్యాత: మేడమ్, మీ దగ్గరికి వస్తా. డప్పు ప్రశ్న అలాగే ఉండిపోయింది. చెప్పు తమ్ముడూ.

దర్శకుడు: ఆమె శవయాత్రల డప్పు కొట్టిండ్రు. ఆ చప్పుడు మా ఫోన్ల రికార్డయి ఉన్నది. అది ఊరి చప్పుడన్నా, ఎక్కడ్నుంచో కొనుక్కొచ్చిన మ్యూజిక్ కాదు.

వ్యాఖ్యాత: కానీ శవయాత్ర మీద పెట్టలేదు కదా. మేనల్లుడి ఫొటో మీద పెట్టారు.

దర్శకుడు: ఔను. అక్కడ బాగా కుదిరిందనిపించింది.

పాత్రికేయుడు: నేనొక్క మాటంట. జనగామ దిక్కు చుక్క సత్తయ్య ఒగ్గుకథ చెప్తుంటే చూసినోణ్ని. కథ చెప్తచెప్తనే ఎల్లమ్మ అయితడు, మల్లన్న అయితడు, మళ్లా సత్తయ్య అయితడు. కూసున్నోళ్లకు ఎర్కనే ఆయన ఎల్లమ్మ కాదని. మన ముందటనే వేషం మారుతది, మన ముందటనే దిగిపోతది. ఈ వీడియోల అట్ల లేదు. కెమెరా వణుకుతది, మూలకు గడియారం అంకెలు తిరుగుతుంటయి, అచ్చం సీసీటీవీ లెక్క. అది వేషమని చూసెటోనికి ఎట్ల తెలుస్తది?

వ్యాఖ్యాత: ఒగ్గుకథలో కూడా డోలు దెబ్బే కదా మనసును లాగేది? అంటే సంగీతం—

పాత్రికేయుడు: డోలు వేరే. డోలు కొట్టెటోడు కండ్ల ముందట ఉంటడు. ఎవడు కొడుతున్నడో కనపడుతది.

న్యాయవాది: ఆ గడియారం అంకెల మాట విన్నరా? రాత్రి 11:42 అని వేసిండు! ఎక్కడిది ఆ 11:42? ఆ ఊర్ల సీసీటీవీ ఉన్నదా తమ్మీ?

దర్శకుడు: లేదు సార్. పోస్ట్‌మార్టం రిపోర్టుల పదీ పన్నెండు నడుమ అని ఉన్నది. అందుకని ఒక ఎఫెక్ట్ లెక్క...

న్యాయవాది: ఇది ఎఫెక్టా! రేపు నేను కోర్టుల ఎఫెక్ట్ అని దొంగ కాగితం పెడితే జడ్జి ఊరుకుంటడా?

ఎడిటర్: రీక్రియేషన్ అంటేనే తప్పని వకీల్ సాబ్ అంటున్నారు. నేను అట్ల అనను. 1988లో ఎర్రల్ మోరిస్ 'ది థిన్ బ్లూ లైన్' తీశాడు. 1976లో డల్లాస్‌లో ఒక పోలీసును కాల్చి చంపిన కేసు అది. అందులో కాల్పులను మళ్లీ మళ్లీ నటింపజేసి చూపిస్తాడు. ఒక్కో సాక్షి ఒక్కోలా చెప్తాడు, చెప్పినట్టల్లా దృశ్యం మారుతుంది. "జరిగింది ఇదీ" అని కెమెరా ఎక్కడా చెప్పదు, "ఇతను ఇలా అన్నాడు" అని మాత్రమే చెప్తుంది. చూస్తుంటే ఆ సాక్ష్యాలు ఒకదానికొకటి పొసగవని మనకే అర్థమవుతుంది. శిక్ష పడ్డ మనిషి 1989లో జైలు నుంచి బయటికొచ్చాడు. మన తమ్ముడి వీడియోలో ఆ రాత్రికి ఒకటే రూపం ఉంది. పోలీసులు చెప్పిన రూపం. నా బాధ అది—

వ్యాఖ్యాత: దానికి సంగీతం ఫిలిప్ గ్లాస్ కదా మేడమ్?

ఎడిటర్: అవును, కానీ—

వ్యాఖ్యాత: చూశారా, అక్కడా సంగీతమే. ఢిల్లీ బురారీ మరణాల మీద 2021లో వచ్చిన సిరీస్‌కు కూడా రెహమాన్, ఆయన బృందం సంగీతం ఇచ్చారు. నిజమైన చావు మీద అంత గొప్ప సంగీతం పెడితే ప్రేక్షకుడు ఆలోచిస్తాడా, ఊగిపోతాడా?

న్యాయవాది: మేడమ్ ఒకటి మర్చిపోయిండ్రు. ఆ డల్లాస్ మనిషి బయటికొచ్చినంక ఆ డైరెక్టర్ మీదనే కేసేసిండు!

ఎడిటర్: కథ హక్కుల మీద వేశాడు సార్, అబద్ధం చూపించాడని కాదు. చివరికి రాజీ అయ్యారు.

న్యాయవాది: కేసైతే వేసిండు కదా.

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

పాత్రికేయుడు: బురారీ మాట వచ్చింది కాబట్టి చెప్తున్న. 2018 జూలై 1న ఢిల్లీల ఒకే ఇంట్ల 11 మంది చచ్చిపడి ఉన్నరు. ఆ ఇంటి గోడకు 11 పైపులు ఉన్నయని టీవీలల్ల ఎంత సేపు చూపెట్టిండ్రు! అది గాలి కోసం పెట్టుకున్న పైపే. దాని మీదికి కెమెరా మెల్లగ జరిగితే చాలు, పైపు కూడా దయ్యమైతది. మన వరంగల్ కాడి గొర్రెకుంట యాది చేసుకోండి. 2020 మే, లాక్‌డౌన్. బావిల తొమ్మిది శవాలు. మొదటి రోజు ఆత్మహత్యలా అన్న మాటే వినపడ్డది. అదే అక్టోబర్ల ఇక్కడి కోర్టు హంతకునికి ఉరిశిక్ష వేసింది. మొదటి రోజే ఎవడన్నా దాన్ని డాక్యుమెంటరీ చేసి ఉంటే, బతుకుతెరువుకు వచ్చి చచ్చిపోయిన ఆ కుటుంబం మీదనే నింద పడిపోతుండె. నాకు అది తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టది.

న్యాయవాది: సరిగ్గ చెప్పిండు పెద్దసారు. ఇప్పుడు చట్టం చెప్త వినుండ్రి. పోలీసు ముందట ఇచ్చిన ఒప్పుకోలు కోర్టుల చెల్లదు. పాత సాక్ష్య చట్టంల 25వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంల 23. ఎందుకు పెట్టిండ్రు? కొట్టి చెప్పిస్తరనే కదా. మరి నువ్వేం చేసినవ్? ప్రెస్‌మీట్‌ల పోలీసులు "ఒప్పుకున్నడు" అన్న మాటను వాయిస్ ఓవర్ చేసినవ్. దాని మీద చీకటి రంగు పూసిన బొమ్మ వేసినవ్. కోర్టు తన గడప దాటనియ్యని మాటను ఇంటింటికి పంపినవ్!

దర్శకుడు: సార్, పబ్లిక్ రికార్డుల ఉన్నది ప్రచురించొచ్చని ఉరిశిక్ష పడ్డ ఆటో శంకర్ ఆత్మకథ కేసుల 1994ల సుప్రీంకోర్టే అన్నది కదా. 2024ల, కూతురి హత్య కేసుల నిందితురాలైన ఇంద్రాణీ ముఖర్జియా మీది సిరీస్‌ను ఆపమని సీబీఐ పోతే, బాంబే హైకోర్టు జడ్జీలు చూసి ఆపలేదు.

న్యాయవాది: రికార్డుల ఉన్నది అన్నరు! చొక్కా రికార్డుల ఉన్నదా? 11:42 రికార్డుల ఉన్నదా?

వ్యాఖ్యాత: డప్పు రికార్డుల ఉందా అని నేను కలుపుతాను.

ఎడిటర్: నాకు రెండు నిమిషాలు ఇవ్వండి. ఇప్పటిదాకా ఒక్క వాక్యం పూర్తి కాలేదు.

వ్యాఖ్యాత: తప్పకుండా మేడమ్.

ఎడిటర్: చొక్కా, గడియారం, డప్పు అందరికీ కనపడతాయి, వినపడతాయి. కాబట్టే వాటి మీద గొడవ పడగలుగుతున్నాం. కత్తెర కనపడదు. నేను పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్నాను. ఈ వీడియో నాలుగుసార్లు చూశాను. 18వ నిమిషంలో మేనల్లుడి తల్లిని తమ్ముడు అడుగుతాడు: "ఆ రాత్రి మీ కొడుకు ఇంట్లనే ఉన్నడా?" తర్వాత నాలుగు సెకన్లు ఆమె మాట్లాడదు. కిందికి చూస్తుంది. అక్కడితో కట్. డప్పు లేదు, వాయిస్ ఓవర్ లేదు, రంగు మార్చలేదు. నాకు ఒళ్లు జలదరించింది, "అయ్యో, దాస్తున్నది" అనుకున్నాను. రెండోసారి చూస్తే వెనకాల సందూక మీద ఎండ లేదు. ప్రశ్నకు ముందు షాట్‌లో సందూక సగం దాకా ఎండ ఉంది. కొంగు కూడా ఇంకో భుజం మీద ఉంది. తమ్ముడూ, ఆ నాలుగు సెకన్లు ఆ ప్రశ్న తర్వాతివేనా?

(కొద్దిసేపు ఎవరూ మాట్లాడలేదు)

దర్శకుడు: కాదు మేడమ్. మైక్ సరిచేసేటప్పటిది. ఇంటర్వ్యూ ఇంకా మొదలు కాలేదు.

ఎడిటర్: మరి ఆమె ఏం జవాబు చెప్పింది?

దర్శకుడు: "ఉన్నడు బిడ్డా, నా పక్కకే పండుకున్నడు" అన్నది. వెంటనే అన్నది. అది 26వ నిమిషంల పెట్టినం, ఇన్‌స్పెక్టర్ బైట్ అయినంక.

ఎడిటర్: అంటే ముందు ఆమె మౌనం చూస్తాం, తర్వాత పోలీసు మాట వింటాం, ఎనిమిది నిమిషాలు పోయాక ఆమె జవాబు వింటాం. అప్పటికి అది జవాబులా ఉండదు. అప్పుడు అల్లుకున్న అబద్ధంలా ఉంటుంది. ఆమె అన్న మాటే, ఒక్క అక్షరం మార్చలేదు. చోటు మార్చారు. అమెరికాలో 'ది జింక్స్' సిరీస్ 2015లో వచ్చింది. చివర్లో, హత్యల అనుమానం ఉన్న రాబర్ట్ డర్స్ట్ బాత్రూమ్‌లో తనలో తాను గొణుక్కుంటాడు, మైక్ ఆన్‌లో ఉందని తెలీదు. "నేనేం చేశాను" అని, వెంటనే "అందర్నీ చంపేశాను" అన్నట్టు వినపడుతుంది. ప్రపంచమంతా అది విని అదిరిపోయింది. 2019లో కోర్టు కాగితాల ద్వారా తెలిసిందేంటంటే, ఆ మాటలు ఆ వరుసలో అనలేదు. "చంపేశాను" అన్నది ముందు. ప్రశ్న తర్వాత. మధ్యలో వేరే మాటలున్నాయి. 2021లో అతనికి హత్య కేసులో శిక్ష పడింది, అది వేరే సంగతి. దోషి అయినా సరే, అతని మాటల వరుస మార్చే హక్కు—

న్యాయవాది: అదే నేను చెప్పేది! మొత్తం కల్పితమే! చొక్కా కల్పితం, టైమ్ కల్పితం, ఇప్పుడు ఆడమనిషి మౌనం కూడా కల్పితం! అందుకే రీక్రియేషన్లు మొత్తం బంద్ పెట్టాలె అంటున్న.

ఎడిటర్: సార్, ఇది రీక్రియేషన్ కాదు. అసలు ఫుటేజే. రీక్రియేషన్లు నిషేధిస్తే ఇది ఆగదు. నేను చెప్పేది పూర్తిగా వేరే—

న్యాయవాది: వేరే ఏం కాదు మేడమ్, నా మాటనే మీరు సినిమా భాషల చెప్తున్నరు. మెరూన్ చొక్కా దగ్గర్నే ఆపి ఉంటే ఇక్కడిదాకా వచ్చేదే కాదు.

వ్యాఖ్యాత: ఆ నాలుగు సెకన్లలో సంగీతం అసలు లేదంటున్నారు కదా మేడమ్? సంగీతం ఉన్నట్టుండి ఆపేయడం కూడా సంగీతమే కదా? డప్పు ఆగిపోతే చెవి ఎక్కువ వింటుంది.

ఎడిటర్: (ఆగి) అది నిజం. చప్పుడు తీసేస్తే చూపు పెరుగుతుంది. కానీ ఇక్కడ ఆమె చూపే ఆ ప్రశ్నది కాదు.

పాత్రికేయుడు: మా రోజుల్లో కూడా ఇది జరిగింది, దాచుకునేదేం లేదు. బాధితురాలి ఏడుపు ఒక దిక్కు తీసేది, నిందితుని ఫొటో ఇంకో దిక్కు. రాత్రి బులెటిన్‌కు రెండు కలిపేది. ఎవ్వరూ అడగలే. మేడమ్ లెక్క ఎండను చూసెటోళ్లు లేకుండె.

దర్శకుడు: నేను తప్పు చేసిననని ఒప్పుకుంటున్న మేడమ్. కానీ నిజం చెప్త. ఆమె జవాబు వెంటనే పెడితే 18వ నిమిషంల జనం వీడియో వదిలేసి పోతరని భయమైంది. గ్రాఫ్ కనపడుతది కదా, ఏ నిమిషంల ఎంతమంది పోయిండ్రో.

న్యాయవాది: గ్రాఫ్ కోసం ఒక తల్లిని—

దర్శకుడు: అయినా హత్యకు గురైన ముసలామె గురించి ఎవరూ మాట్లాడుతలేరు. ఆమె కోసమే తీసిన. ఆ ఊళ్లె ఆమె చావును అందరు మర్చిపోయిండ్రు.

పాత్రికేయుడు: అది కూడా నిజమే.

వ్యాఖ్యాత: టైమ్ అయిపోవచ్చింది. వకీల్ సాబ్ మొదట్నుంచీ చెప్తున్నట్టు, కోర్టులో ఉన్న కేసుల మీద రీక్రియేషన్లు వద్దన్న అభిప్రాయమే ఇవాళ గట్టిగా వినపడింది. సంగీతం విషయంలో కూడా—

ఎడిటర్: నేను అలా అనలేదు. దయచేసి నా పేరు మీద అది కలపొద్దు. తమ్ముడూ, ఒక్కటే అడుగుతాను. ఆ నాలుగు సెకన్లు తీసేసి, ఆమె జవాబును ప్రశ్న పక్కనే పెడతావా?

దర్శకుడు: పెడుత మేడమ్. ముందు వాళ్లింటికి పోయి ఆమెకు—

న్యాయవాది: పోవద్దు! ఆమె సాక్షి అయ్యే మనిషి. కేసు నడుస్తుంటే నువ్వు పోయి మాట్లాడితే దానికి ఇంకో పేరు పడుతది. నేను చెప్త విను, వీడియో మొత్తం తీసెయ్, చొక్కాతో సహా—

ఎడిటర్: మొత్తం తీసేస్తే ఆమె చెప్పిన జవాబు కూడా పోతుంది కదా సార్—

(అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. టైటిల్ సంగీతం మొదలైంది.)