ఓరుగల్లు ఎండల్లో నెపంథిస్: రాత్రిని కాపాడుకోవాలి

అందరికీ నమస్కారం. ఈ కుండీ బల్ల మీద పెడుతున్నాను, దగ్గరికొచ్చి చూడండి. ఇందులో ఉన్నది నెపంథిస్, ఆకు కొసన పెరిగే కూజాల్లో పురుగుల్ని పట్టి అరిగించుకునే మొక్క. ఆకు కొస తీగలా సాగి, దాని చివర పెసరగింజంత మొగ్గ కనిపిస్తోందా? అదే నెలా రెండు నెలల్లో ఉబ్బి, మూత తెరిచి కూజా అవుతుంది. గాలి పొడిగా ఉన్నా, వెలుగు చాలకపోయినా ఈ మొగ్గే ముందు ఎండిపోతుంది.

కొన్నేళ్ల కింద ఒక నర్సరీ నుంచి కొండజాతి నెపంథిస్ తెప్పించి, హనుమకొండలో మా పై అంతస్తు గదిలో పెట్టాను. చలికాలమంతా బాగుంది. మార్చి దాటాక ప్రతి కొత్త ఆకూ ముందుదాని కన్నా చిన్నగా వచ్చింది. రోహిణి కార్తెలో కాండం నల్లబడి చచ్చిపోయింది. పగలంతా కూలర్ నడిపి, రాత్రి పడుకునే ముందు ఆపేసేవాణ్ణి. నేను చేసిన తప్పు అదే.

పగలు వెలుగులో చేసుకున్న చక్కెరను మొక్క రాత్రి శ్వాసకు వాడుకుంటుంది. రాత్రి వెచ్చగా ఉన్నకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. బోర్నియోలో కినబాలు కొండ మీది నెపంథిస్ రాజా లాంటివి 10–15 డిగ్రీల చలిరాత్రులకు అలవాటు పడ్డవి. మన స్లాబేమో పగలు తాగిన ఎండను అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటుంది. కొండజాతిని ఏసీ లేకుండా ఇక్కడ బతికించాలనుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

మిరాబిలిస్, రాఫ్లేసియానా, ఆంపుల్లారియా లాంటి మైదాన జాతులు తెచ్చుకోండి. పగలు 30 డిగ్రీలు, రాత్రి 22 ఉంటే వాటికి హాయి. కొత్తవాళ్లకైతే నర్సరీల్లో దొరికే వెంట్రాటా సంకరం మంచిది, చాలా ఓర్చుకుంటుంది. మన దేశంలో సహజంగా పెరిగే నెపంథిస్ మేఘాలయ ఖాసియానా ఒక్కటే. అది అంతరించే ప్రమాదంలో ఉంది కాబట్టి అడవిలోంచి తవ్వి తెచ్చింది మాత్రం కొనకండి.

ఎండాకాలం కుండీని కింది అంతస్తుకు దించండి. కూలర్ రాత్రి కూడా నడవనివ్వండి, గాలి మాత్రం సూటిగా ఆకుకు తగలొద్దు. మే నెల పొడిగాలిలో కూలర్ చల్లదనంతో పాటు తేమనూ ఇస్తుంది. వానాకాలంలో దానితో పని లేదు. నల్ల ప్లాస్టిక్ కుండీలు ఎండకు వేళ్లను ఉడకబెడతాయి, తెల్లవి వాడండి. బోరు నీళ్లలోని ఉప్పు వేళ్లకు పడదు. వాననీళ్లు గానీ ఆర్వో నీళ్లు గానీ పోయండి.

ఇక వెలుగు. తూర్పు కిటికీ పొద్దుటి ఎండ మంచిదే. అది లేనివాళ్లు తెల్ల ఎల్ఈడీ ట్యూబును ఆకులకు జానెడు పైన కట్టి, టైమర్‌తో 12 నుంచి 14 గంటలు వెలిగించండి. ఆకులు ముదురు పచ్చగా, పొడుగ్గా సాగి కూజాలు రాకపోతే వెలుగు తక్కువైనట్టు. కాస్త ఎర్రబారితే సరిపోయినట్టు. తెల్లటి మచ్చలు పడితే ట్యూబు పైకి జరపండి. వేడి తగ్గుతుందని కొందరు లైట్లు రాత్రి వేస్తున్నారు. అప్పుడు మొక్కకు రాత్రి మన మిట్టమధ్యాహ్నం మంటలో వస్తుంది. అలా చేయకండి.

ఇప్పుడు ఒక్కొక్కరే వచ్చి చూడండి. కూజా వంచకండి, లోపలి నీళ్లు ఒలికిపోతాయి. పురుగును అరిగించే రసం అందులోనే ఉంది.